హరికేన్ వస్తోందంటే ఏం చేయాలి: తీరంలో ఉన్నవాళ్లు, తీరానికి దూరంగా ఉన్నవాళ్లు

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు చూడండి: హ్యూస్టన్, టాంపా, జాక్సన్‌విల్, షార్లెట్, ర్యాలీ, అట్లాంటా, ఎడిసన్. కొన్ని తీరం దగ్గర, కొన్ని బాగా లోపల. కానీ ఏదో ఒక ఏడాది హరికేన్ దెబ్బ తగలని ఊరు వీటిలో లేదు. బంగాళాఖాతంలో పుట్టే తుపానూ, అట్లాంటిక్‌లో పుట్టే హరికేనూ ఒకే జాతివి. ఇక్కడ తేడాగా ఉండేవి చెక్క ఇళ్లు, ఇన్సూరెన్స్ షరతులు, ఊరు ఖాళీ చేసే పద్ధతి. సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా అసలు ఉద్ధృతి. కాబట్టి కింద చెప్పిన వాటిలో సగం పనులు మే నెలలోనే అయిపోవాలి.

ముందు కేటగిరీ నంబర్‌ని పక్కన పెట్టండి

టీవీలో వినిపించే కేటగిరీ గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది. గంటకు 74 మైళ్లు దాటితే 1, 111 దాటితే 3, 157కి చేరితే 5. ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందో, వాన ఎన్ని అంగుళాలు పడుతుందో, కరెంటు ఎన్ని రోజులు పోతుందో ఆ అంకెలో ఉండదు. 2005లో కత్రినా తీరం తాకినప్పుడు కేటగిరీ 3. మిసిసిపీ తీరంలో ఉప్పెన మాత్రం దాదాపు 28 అడుగులు వచ్చింది. 2017లో హార్వీ తీరం దాటి బలహీనపడ్డాక టెక్సాస్ మీద కదలకుండా కూర్చుని నెదర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలకు పైగా కురిసింది. 2024 జులైలో బెరిల్ కేటగిరీ 1 మాత్రమే. హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, అదీ మండుటెండల్లో. "కేటగిరీ 1 కదా, ఏం కాదులే" అనే మాట వాట్సాప్ గ్రూపులో కనిపిస్తే పట్టించుకోకండి.

మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు. నా ఇంటికి ఉప్పెన వస్తుందా? వాన నీరు వస్తుందా? గాలికి ఇల్లు ఆగుతుందా? కరెంటు లేకుండా వారం గడపగలనా? మొదటి దానికి అవును అనే జవాబు వస్తే మిగతా మూడూ అనవసరం, వెళ్లిపోవాలి. కాదు అయితే చాలామందికి ఉన్నచోట ఉండటమే మేలు.

మీ ఇంటికి ఏ నీరు వస్తుందో తెలుసుకోండి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. జోన్ అనే పేరుతో రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఎవాక్యుయేషన్ జోన్ (ఎవరు ముందు ఊరు ఖాళీ చేయాలో చెప్పేది) ఉప్పెనను బట్టి వేసింది: ఫ్లోరిడాలో ఎ, బి, సి అక్షరాలతో ఉంటుంది, ఎ అంటే ముందుగా కదలాల్సినవాళ్లు. హ్యూస్టన్ ప్రాంతంలో దాన్ని జిప్ కోడ్ ప్రకారం విభజించారు. ఫీమా (అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) ఫ్లడ్ జోన్ వేరు: అది ఇన్సూరెన్స్ కోసం, లోన్ కోసం వేసిన మ్యాపు. ఇల్లు కొన్నప్పుడు "మనది ఎక్స్ జోన్, ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదు" అని ఏజెంట్ చెప్పిన మాట రెండో లెక్క గురించి. ఆ మాటకు అర్థం బ్యాంకు మిమ్మల్ని బలవంతపెట్టదని మాత్రమే, నీళ్లు రావని కాదు. హార్వీలో మునిగిన ఇళ్లలో చాలా భాగం ఆ మ్యాపులోని ప్రమాద గీతలకు బయటే ఉన్నాయి. బార్కర్ జలాశయానికి ఎగువన, కేటీ వైపు కట్టిన ఇళ్లలోకి నీరు వెనక్కి ఎగదన్నింది. సముద్రం అక్కడికి చాలా దూరం.

కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ సైట్‌లో అడ్రస్ కొట్టి ఎవాక్యుయేషన్ జోన్ చూసి, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. తర్వాత ఇంటి చుట్టూ ఒకసారి నడవండి. వెనక వాగు గానీ, రిటెన్షన్ పాండ్ (వాన నీరు నిలిపే చెరువు) గానీ ఉందా? పెద్ద వానకు వీధిలో నీళ్లు ఎటు పారతాయి, ఎంతసేపటికి దిగుతాయి? పడక గది మీదికి ఒరిగిన పైన్ చెట్టు ఉందా? ఇల్లు లోయలో ఉంటే ఊరికి వెళ్లే వంతెన ఏది, అది పోతే ఇంకో దారి ఉందా?

చివరి ప్రశ్న తీరానికి దూరంగా ఉన్నవాళ్లకు ప్రాణావసరం. 2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. అక్కడికి ఉత్తరాన సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 2,000 అడుగుల ఎత్తున ఉన్న యాష్‌విల్ పరిసరాలు మర్నాటికి కొట్టుకుపోయాయి. కారణం గాలి కాదు. హెలీన్ రాకముందే రెండు రోజులు భారీ వాన పడి నేల నానిపోయి ఉంది, నదులు నిండి ఉన్నాయి. దాని మీద హెలీన్ తెచ్చిన తేమ కొండలకు తగిలి పైకి లేచి కుండపోతగా కురిసింది. వాలులో ఆ నీటికి ఆగడానికి చోటు ఉండదు, అంతా కలిసి లోయలోకి దూకుతుంది. కొండచరియలు విరిగాయి, ఐ-40 హైవే కోసుకుపోయింది, సెల్ సిగ్నల్ పోయింది, నీటి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే పెద్ద పైపులు తెగిపోయాయి. యాష్‌విల్ కుళాయిల్లో మళ్లీ తాగే నీరు వచ్చేసరికి నవంబర్ 18. అంటే 50 రోజులకు పైనే.

న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్లకు ఐడా గుర్తుండాలి. 2021 ఆగస్టు 29న లూసియానాలో తీరం తాకి, సెప్టెంబర్ 1 రాత్రి ఇక్కడికి చేరింది. సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన. న్యూయార్క్‌లో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో మునిగి చనిపోయారు. న్యూజెర్సీలో పోయినవాళ్లలో ఎక్కువమంది కార్లలో చిక్కుకున్నవాళ్లే. బేస్‌మెంట్‌లో అద్దెకు ఉన్న విద్యార్థులు ఫ్లాష్ ఫ్లడ్ వార్నింగ్ రాగానే పై అంతస్తుకు వెళ్లాలి. నీరు లోపలికి వచ్చాక తలుపు తీయబోతే బయటి నీటి ఒత్తిడికి అది తెరుచుకోదు.

ఇన్సూరెన్స్: మేలో చేయండి, సెప్టెంబర్‌లో కుదరదు

ఇంటి పాలసీ, రెంటర్స్ పాలసీ రెండూ వరద నష్టం ఇవ్వవు. దానికి వేరే ఫ్లడ్ పాలసీ కావాలి. ప్రభుత్వ పథకం కింద ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, లోపలి సామాన్లకు 1,00,000 డాలర్లు. అద్దెకు ఉండేవాళ్లు కూడా సామాన్ల వరకు తీసుకోవచ్చు. కొన్న రోజు నుంచి మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకు పనికిరాదు.

గాలి నష్టానికి ఇంటి పాలసీలో హరికేన్ డిడక్టిబుల్ అని వేరేగా, శాతంలో ఉంటుంది. ఇల్లు 4,00,000 డాలర్లకు ఇన్సూర్ చేసి ఉండి అది 2 శాతం అయితే మొదటి 8,000 డాలర్లు మీరే పెట్టుకోవాలి. ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. ఇక కారు. లయబిలిటీ మాత్రమే ఉంటే మునిగిన కారుకు పైసా రాదు, కాంప్రిహెన్సివ్ ఉండాలి. తుపాను దగ్గర పడితే కంపెనీలు కొత్తగా ఏ కవరేజీ ఇవ్వడం ఆపేస్తాయి.

అదే పూట ఫోన్‌తో ఇల్లంతా వీడియో తీయండి: బీరువాలు తెరిచి, టీవీ, ల్యాప్‌టాప్‌ల వెనక సీరియల్ నంబర్లు కనిపించేలా. క్లౌడ్‌లో పెట్టండి.

ఇంట్లో ఉండాల్సినవి

నీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్. నలుగురికి వారానికి 28 గ్యాలన్లు. 24 సీసాల కేసు సుమారు 3.2 గ్యాలన్లు అవుతుంది కాబట్టి తొమ్మిది కేసులు. ఇది తాగడానికీ వంటకూ మాత్రమే. టాయిలెట్ కోసం బాత్‌టబ్ నింపుకుంటారు.

తిండి విషయంలో మన వంటింటికి ఒక చిక్కుంది. బియ్యం, పప్పు ఎంత ఉన్నా స్టవ్ కరెంటుదైతే అవి పనికిరావు. పొయ్యి అక్కర్లేనివి చూసుకోండి: చల్లనీళ్లలో నానే అటుకులు, మరమరాలు, డబ్బా శనగలు, పీనట్ బటర్, రొట్టె, ఫ్రిజ్ అక్కర్లేని పాల డబ్బాలు, పొడులు, పచ్చళ్లు. ముందు రోజు చేసిన పులిహోర ఒక రోజు ఆదుకుంటుంది. పసిపిల్లలుంటే నీళ్లు కలపాల్సిన పొడి కాకుండా నేరుగా పట్టే ఫార్ములా సీసాలు కొనండి. డబ్బాలు తెరిచే ఓపెనర్ మర్చిపోతారు, అందుకే చెబుతున్నాం. క్యాంపింగ్ స్టవ్ ఉంటే ఆరుబయటే వాడాలి. వాన పడుతోందని గ్యారేజీలో వెలిగించకూడదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా మిగిలి ఉన్నాయా చూడండి. ఇండియా చీటీతో ఇక్కడి ఫార్మసీ మందు ఇవ్వదు. ఇన్సులిన్ సాధారణంగా గది వేడిలో, అంటే 86 ఫారెన్‌హీట్ లోపు, 28 రోజులు ఆగుతుంది. ఏసీ లేని ఆగస్టు ఇల్లు ఆ లెక్కలోకి రాదు, ఐస్ పెట్టెలో పెట్టాలి గానీ ఐస్‌కి నేరుగా తగలనివ్వకూడదు, గడ్డకడితే పాడైపోతుంది.

కాగితాలు ఒకే జిప్‌లాక్ సంచిలో: పాస్‌పోర్టులు, ఐ-797, ఐ-94, ఐ-20 లేదా ఈఏడీ, గ్రీన్‌కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్, ఇంటి, కారు పాలసీలు. తడిసిపోయిన పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవడం ఎంత తిప్పలో చెప్పక్కర్లేదు. చిన్న నోట్లలో నగదు ఉంచుకోండి, కరెంటు లేనప్పుడు కార్డు మెషిన్లు, ఏటీఎంలు పనిచేయవు.

తుపాను పుట్టాక

నేషనల్ హరికేన్ సెంటర్ మ్యాపులో కనిపించే తెల్లటి శంకువు తుపాను కేంద్రం వెళ్లగల దారిని మాత్రమే చూపిస్తుంది. నష్టం ఎంత మేర ఉంటుందో చూపించదు. మూడింట ఒక వంతు సార్లు కేంద్రం కూడా ఆ శంకువు దాటి వెళుతుంది. హెలీన్ కేంద్రం టాంపాకు 100 మైళ్లకు పైగా పడమరగా సముద్రంలోనే సాగిపోయింది. అయినా టాంపా బేలో రికార్డు స్థాయి ఉప్పెన వచ్చి ఇళ్లు మునిగాయి. కాబట్టి చూడాల్సింది శంకువు కాదు. తీరంలో ఉన్నవాళ్లు స్టార్మ్ సర్జ్ మ్యాపు, దూరంగా ఉన్నవాళ్లు వెదర్ ప్రెడిక్షన్ సెంటర్ వారి అధిక వర్షపు మ్యాపు చూడాలి.

హరికేన్ వాచ్ అంటే బలమైన గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు, వార్నింగ్ అంటే 36 గంటల ముందు ఇచ్చేది. వాచ్ వచ్చేలోపే పెట్రోలు పోయించుకోవాలి, ఆ తర్వాత బంకుల దగ్గర వరుసలే. ఫ్రిజ్, ఫ్రీజర్ చలి పెంచేయండి, ఖాళీ చోట నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టండి. నిండు ఫ్రీజర్ తలుపు తీయకపోతే 48 గంటలు ఆగుతుంది, సగమే ఉంటే 24, ఫ్రిజ్ 4 గంటలే.

కిటికీలకు 5/8 అంగుళాల ప్లైవుడ్, అంచులు నాలుగు పక్కలా 4 అంగుళాలు దాటేలా కోసి బిగించండి. అద్దం మీద ఇంటూ గుర్తులా టేపు వేసే అలవాటు ఇంకా పోలేదు. టేపు అద్దాన్ని ఆపదు, పగిలితే పెద్ద ముక్కలుగా ఎగరేలా చేస్తుంది. ఇంటికి బలహీనమైన చోటు గ్యారేజీ తలుపు. అది లోపలికి ఒంగిందంటే గాలి చొరబడి కప్పును కింది నుంచి ఎత్తేస్తుంది. గాలిని తట్టుకునే రకం కాకపోతే సీజన్‌కు ముందే బ్రేసింగ్ కిట్ (తలుపును బిగించే అదనపు ఆధారాలు) పెట్టించండి. పూలకుండీలు, గ్రిల్, ట్రాంపొలిన్ లోపలికి చేర్చండి.

వెళ్లాలంటే

మీ జోన్‌కు ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చిందంటే వాదన లేదు. కానీ వందల మైళ్లు పోనక్కర్లేదు. ఉప్పెన జోన్ దాటి గట్టి ఇంట్లో ఉంటే చాలు, చాలాసార్లు అది 20, 30 మైళ్ల దూరమే. 2005లో రీటాకు హ్యూస్టన్ నుంచి అవసరం లేనివాళ్లు కూడా లక్షల్లో రోడ్డెక్కారు. గంటల తరబడి కార్లు కదల్లేదు, పెట్రోలు అయిపోయింది, ఎండకు జనం పోయారు, వృద్ధులను తీసుకెళ్తున్న బస్సు డాలస్ దగ్గర తగలబడి 23 మంది చనిపోయారు. లోపలి ఊళ్లో ఉన్న స్నేహితుడి ఇంటిని ముందే అడిగి పెట్టుకోండి: అన్నా, ఆర్డర్ వస్తే మీ ఇంటికి వస్తాం అని. హోటళ్లు మొదటి రోజే నిండిపోతాయి. షెల్టర్‌కు వెళ్తే దుప్పట్లు, మందులు, శాకాహారులైతే తిండి కూడా వెంట తీసుకెళ్లాలి.

ఎత్తైన అపార్టుమెంట్లో ఉండిపోవాల్సి వస్తే ఉప్పెన ఎత్తుకు పైన, పదో అంతస్తుకు కింద ఉండటం మంచిది. పైకి వెళ్లేకొద్దీ గాలి పెరుగుతుంది. కరెంటు పోతే లిఫ్టుతో పాటు నీళ్లు ఎక్కించే మోటారు కూడా ఆగుతుంది. కారును అండర్‌గ్రౌండ్ పార్కింగ్ నుంచి తీసి పై అంతస్తులో పెట్టండి.

ఆ రాత్రి

కిటికీలు లేని లోపలి గది, అందరికీ చెప్పులు, ఫోన్లు ఫుల్ చార్జి, అలర్ట్ శబ్దం ఆన్. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టి పడుకోవద్దు. హరికేన్ బయటి వానపట్టీలు కేంద్రానికి చాలా దూరంలో టోర్నడోలు పుట్టిస్తాయి. 2024 అక్టోబర్ 9న మిల్టన్ ఫ్లోరిడా పడమటి తీరాన్ని తాకక ముందే తూర్పు తీరంలోని సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడోకు ఆరుగురు బలయ్యారు.

గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపిస్తే అది తుపాను కన్ను. బయటికి రావద్దు. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అదే గాలి వస్తుంది, అప్పటికే వదులైన చెట్లు, కప్పులు ఈసారి పడతాయి.

రోడ్డు మీద పారే నీరు 6 అంగుళాలుంటే మనిషిని పడగొడుతుంది, అడుగు లోతు చిన్న కారును తేలుస్తుంది, రెండడుగులు ఎస్‌యూవీని కూడా తోసేస్తాయి. చీకట్లో లోతు తెలియదు, కింద రోడ్డు ఉందో లేదో కూడా తెలియదు. వాన ఆగిందని కూడా నమ్మకండి. నది పైనుంచి వచ్చే నీరు ఆలస్యంగా చేరుతుంది. 2018 సెప్టెంబర్ 14న ఫ్లోరెన్స్ తీరం తాకితే ఫేయెట్‌విల్ దగ్గర కేప్ ఫియర్ నది గరిష్ఠ మట్టానికి చేరింది నాలుగైదు రోజుల తర్వాత, ఎండ కాస్తుండగా.

తర్వాతి వారం

తుపాను పోయాక చచ్చేవాళ్లు తక్కువేం కాదు. 2020లో లారా తర్వాత లూసియానాలో పోయిన ప్రాణాల్లో పెద్ద వాటా జనరేటర్ పొగది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే పోతారు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం బయటి వైపు తిప్పి పెట్టాలి. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టినా లోపల నడపకూడదు. బ్యాటరీతో పనిచేసే అలారం ఇంట్లో ఉండాలి. డ్రయ్యర్ ప్లగ్‌లోకి జనరేటర్ వైరు గుచ్చి ఇల్లంతా వెలిగించే తెలివి చూపొద్దు. ఆ కరెంటు వీధి తీగల్లోకి వెనక్కి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను చంపుతుంది.

నీళ్లు మరిగించమని నోటీసు ఉంటే ఒక నిమిషం తెర్లనివ్వాలి. కుదరకపోతే వాసన కలపని 6 శాతం బ్లీచ్ గ్యాలన్‌కు 8 చుక్కలు వేసి 30 నిమిషాలు ఆగండి. పెట్రోలు, రసాయనాలు కలిసిన వరద నీరు ఎంత మరిగించినా తాగకూడదు.

ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ కారును స్టార్ట్ చేయొద్దు, చార్జి పెట్టొద్దు. ఇంటికి 50 అడుగుల దూరంగా తోయించండి. 2022లో ఇయాన్ తర్వాత ఇలా తడిసిన బ్యాటరీలు రోజుల తర్వాత కూడా అంటుకున్నాయి.

మునిగిన ఇంట్లో తడిలో నిలబడి బ్రేకర్ ముట్టుకోవద్దు. ముందు ఫొటోలు తీయండి, గోడ మీద నీటి గీత ఎత్తు టేపుతో కొలిచి అది కూడా ఫొటోలో ఉంచండి. బూజు 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది కాబట్టి ఇన్సూరెన్స్ మనిషి కోసం ఆగకుండా తడి కార్పెట్ తీసేయండి, చిన్న ముక్క మాత్రం సాక్ష్యంగా దాచండి. డ్రైవాల్ (గోడలకు బిగించే జిప్సం పలక) నీటిని దీపపు వత్తిలా పైకి పీలుస్తుంది, అందుకే నీటి గీతకు కనీసం ఒక అడుగు పైదాకా కోసి తీయాలి. లోపలి చెక్క పూర్తిగా ఆరకుండా కొత్తది బిగిస్తే రెండు నెలల్లో గోడ వెనక నల్లటి బూజు. తలుపు తట్టి "ఇవాళే సంతకం పెట్టండి, ఇన్సూరెన్స్ మేం చూసుకుంటాం" అనే కాంట్రాక్టర్లకు సంతకం ఇవ్వకండి, లైసెన్స్ నంబర్ అడగండి.

ఫీమా నగదు సాయానికి అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, మరికొన్ని అర్హత గల వర్గాలే అర్హులు. హెచ్-1బి, ఎఫ్-1 వాళ్లు నేరుగా అర్హులు కారు. అయితే ఇంట్లో ఇక్కడ పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ తరఫున తల్లి గానీ తండ్రి గానీ దరఖాస్తు చేయొచ్చు, బిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వాలి. షెల్టర్, నీళ్లు, భోజనం లాంటి తక్షణ సాయానికి వీసాతో పనిలేదు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ముందు క్లెయిమ్ వేసి, అది ఇవ్వని భాగానికి ఫీమాకు వెళ్లాలి. తిరస్కరణ ఉత్తరం వస్తే అక్కడితో వదిలేయకండి. చాలాసార్లు అందులో అడిగేది ఒక కాగితం మాత్రమే, అప్పీలుకు ఉత్తరం తేదీ నుంచి 60 రోజులు గడువుంటుంది.